రాళ్ళవాన నాటి ఫోటో

మార్చి 22, శనివారం

ఏం రాయను... ఇన్నేళ్ళ బతుకులో ఇట్లాంటిది చూడలేదు. మన కోడేరు దిక్కు, ఎండకు నేల నెర్రెలు విచ్చే దిక్కు — మంచు. టీవీలో కాశ్మీరు చూపిస్తారే, అచ్చం అట్లా.

మూడున్నరకు ఊరి నుంచి ఫోన్. రాళ్ళవాన పడింది, చేలన్నీ తెల్లగా అయిపోయాయి అని. కొడుకు రవి వెంటనే కారు తీశాడు. "లే నాయినా, కరుగకముందే పోదాం." నాగర్‌కర్నూల్ నుంచి గంట కూడా పట్టలేదు. నేను, నా భార్య లక్ష్మమ్మ, రవి, కోడలు మంజుల, మనవరాలు చిన్ని. అందరం ఒకే కారులో — ఎన్నాళ్ళకో.

మన మడి దగ్గర దిగితే గట్టేదో మడేదో తెలియదు. చీలమండల లోతు వడగళ్ళు. చల్లటి పొగ లేస్తోంది. చిన్ని పరుగే పరుగు. రవి ఫోటో మీద ఫోటో. నేను గట్టు మీద గంతులేశాను, అరవై తొమ్మిదేళ్ళకు. జారితే రవి రెక్క పట్టుకున్నాడు. "నాయినా, జర పైలం. దవాఖానల ఫోటో దిగాల్సొస్తది." ఇంత సంతోషం ఈ గుండెలో ఎట్లా పట్టిందో.

మార్చి 23

లేవగానే ఫోటోలు. మంజుల ఉపాధి హామీ పనుల దగ్గర ఫోటోలు తీసి పంపుతుంది. అందుకని ఆమె ఫోన్‌లో ఏది తీసినా కింద ఊరు, తేదీ, టైము పడతాయి. నిన్న ఆమె తీసింది ఒక్కటే — వాళ్ళ అత్తమ్మది.

ఆ ఒక్కటి చాలు నాకు. లక్ష్మమ్మ నవ్వుతోంది. పై పళ్ళు పోయినప్పటి నుంచి నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి. రవి పెళ్ళి ఫోటోల్లో కూడా కొంగే. నిన్న రెండు చేతుల నిండా రాళ్ళు. కొంగు ఎత్తడానికి చేయి లేదు. నోరంతా తెరిచి నవ్వింది... నా లక్ష్మమ్మ.

"తీసెయ్యమను దాన్ని. బోసినోరు, గలీజుగ ఉంది."

"తీసేస్తే నేను అన్నం తిన."

"తినకు. ఒక పూట బియ్యం మిగుల్తయి."

మార్చి 24

మళ్ళీ చూశాను. పదిసార్లు అయి ఉంటుంది.

మార్చి 25

బాలకిష్టయ్య ఫోన్. ఏడేళ్ళుగా మన మడి కౌలుకు చేస్తున్నది అతడే. రాళ్ళవాన నాడు ఊళ్ళో లేడు. తల్లి కంటి ఆపరేషన్ అని గద్వాలలో ఉన్నాడు. నిన్న వచ్చి చూసుకున్నాడట.

"ఏం మిగల్లేదు కాకా. గింజంత రాలిపోయింది. ఇంగో పది రోజులైతే కోసెటోన్ని."

ఆ తెలుపు కింద వరి ఉంది. నాకు తెలుసు — వ్యవసాయంలో పుట్టి పెరిగినవాణ్ణి, తెలియకేం. అయినా గంతులేశాను. మూడు రోజులు ఆ మనిషికి ఒక్క ఫోన్ చేయలేదు.

మార్చి 27

వ్యవసాయ సారు వచ్చి మడి చూసి వెళ్ళాడట. రాళ్ళు ఎప్పుడో కరిగిపోయాయి. "గాలికి పడ్డ వరి గూడ గిట్లనే ఉంటది" అన్నాడట. రాళ్ళు పడ్డాయనడానికి ఆ రోజు ఫోటో కావాలి, ఊరు, తేదీ పడ్డది. మంగళవారం లోపల ఇస్తేనే నష్టం లిస్టులో పేరు. లేకుంటే ఈ పంటకు ఏమీ రాదు.

"మీరు వచ్చిన్రంట గద కాకా. ఫోటోలు గిట దిగిన్రంట."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందా? లేదనుకుంటాను. ఉన్నా తప్పు లేదు.

మార్చి 28

రవి ఫోన్‌లో అరవై ఫోటోలు. ఒక్కదానికీ కింద ఏమీ పడలేదు. పడింది మంజుల తీసినదానికే. లక్ష్మమ్మ పక్కన మన బోరు స్టార్టర్ డబ్బా కూడా కనిపిస్తోంది. ఎవరు చూసినా మడి ఏదో చెబుతారు.

"అత్తమ్మ మొఖం కత్తిరించి ఇద్దామా మామా" అంది మంజుల. కత్తిరిస్తే ఫోటో మార్చారు అంటారని మళ్ళీ తనే అంది.

లక్ష్మమ్మ ఒప్పుకోదు. "బోసినోరని కాదయ్యా. వాళ్ళ పంట మీద నిలబడి నవ్విన. బాలకిష్టయ్య పెండ్లాం నన్ను నోరార చిన్నమ్మా అంటది. ఆమెకు ఏ మొఖం చూపియ్యాలె?"

"ఫోటో ఇయ్యకపోతే ఏ మొఖం చూపిస్తవమ్మా?" అన్నాడు రవి.

లక్ష్మమ్మ లేచి వంటింట్లోకి పోయింది.

మార్చి 29

ఈరోజూ అంతే. వంటింట్లో గిన్నెల చప్పుడు.

మార్చి 30

బాలకిష్టయ్య ఇంటికే వచ్చాడు. చాయ్ పోసిస్తే పక్కన పెట్టాడు. ఫోటో ఉందని చెప్పాలా, లేదని బుకాయించాలా... వాళ్ళ అమ్మ కన్ను ఎట్లుందని అడిగాను. రెండోసారీ అదే అడిగాను.

లక్ష్మమ్మ లోపలి నుంచి వచ్చింది. మంజులతో ఫోన్ తెరిపించి, తనే అతని చేతిలో పెట్టింది. కొంగు నోటికి అడ్డం లేదు.

చూశాడు. రెండు వేళ్ళతో పెద్దగా చేశాడు. లక్ష్మమ్మ ముఖం పక్కకు జరిగిపోయింది. ఆమె కాళ్ళ దగ్గర, రాళ్ళలో నుంచి రెండు మూడు కంకులు బయటికి. అక్కడ ఆపాడు.

"గింజ మంచిగ పట్టింది కాకా."

అంతే. నవ్వు గురించి ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

మార్చి 31

ఫోటో వెళ్ళింది. సాయంత్రం బాలకిష్టయ్య ఫోన్ — పట్టా నా పేరున ఉంది కాబట్టి నేను రావాలట. ఫోటోలో ఉన్న మనిషి కూడా రావాలట. రేపు పది గంటలకు, మండలం ఆఫీసుకు. నష్టం డబ్బు కౌలుదారుకే అని నేను కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను. సారు ఒప్పుకుంటాడో లేదో. ఊరి రైతులంతా అక్కడే ఉంటారు.

లక్ష్మమ్మ రేపటి చీర మడత విప్పుతూ అడిగింది. "ఎందుకు నవ్వుతున్నవని సారు అడిగితే ఏం చెప్పాలె?"

ఆ రోజు ఆమె కంటే ఎక్కువ నవ్వింది నేను. ఫోటోలో పడలేదు, అంతే.