మీ యాసలోనే

వదినగారికి నమస్కారాలు.

మీ అమ్మాయి పోయి రెండు నెలలైంది. ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియక ఇన్నాళ్ళూ ఆగాను.

మీ వైపు “నానమ్మ” అంటారు, మేము “నాయనమ్మ” అంటాం. కోడలు పాపకు మీ మాటే నేర్పుతుంటే, “దాని నోరు కూడా పాడుచేయకు” అన్నాను. చుట్టాలొస్తే కోడలి యాసలో మాట్లాడి అందరినీ నవ్వించేదాన్ని. పోనుపోను తను ఇంట్లో నోరు విప్పడమే మానేసింది. ఆ జ్వరం సంగతి కూడా పడిపోయేదాకా మాతో చెప్పలేదు.

మొన్న పాప కనిపించలేదు. వెతికితే మూడు వీధుల అవతల, పళ్ళబండి అంచు పట్టుకుని నడుస్తోంది. ఆ పళ్ళావిడది మీ వైపేనట. “మీ నానమ్మ ఏదే తల్లీ?” అని ఒక్కసారి అడిగిందట, అంతే. “ఇంకోసారి అను, ఇంకోసారి అను” అని పాప ఆవిడ వెంటపడింది.

ఇంటికి తెచ్చాక నేనే ఆ మాట అనబోయాను. పాప నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

మీరొచ్చి నాలుగు రోజులుండండి వదినగారూ. నన్ను తిట్టకుండా ఉండలేరని తెలుసు. తిట్టేదేదో పాప వినేలా, మీ యాసలోనే తిట్టండి.