పగులు మీద గాజు ముక్క

పక్కింటి పెద్దమ్మగారికి,

మీ ఇంటికి తాళం వేసి ఉంది, అందుకే ఈ కాగితం తలుపు కిందనుంచి తోస్తున్నాను. మీ వంటగది గోడకి నేను పెట్టిన లప్పం రేపు పొద్దున వచ్చి గీకేస్తాను. తిట్టాలనిపిస్తే తిట్టండి.

మీ పక్క స్థలంలో పునాదికి మేం గొయ్యి తవ్వుతున్నాం కదా, మీ గోడలో పగులు చూసి రమ్మని మా ఇంజనీరుగారు నన్ను పంపారు. మీరు దిగులుపడుతుంటే చూడలేక, పాత రంగులపని గుర్తొచ్చి నున్నగా పూసేశాను. ఆ సంగతి ఇవాళ ఇంజనీరుగారికి గొప్పగా చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"ఒరేయ్, జ్వరమొచ్చినవాడి మొహానికి పౌడరు పూసి తగ్గిందంటావా? మన గొయ్యి వాళ్ల గోడని లాగుతోందో లేదో ఆ పగులేరా చెప్పాలి!"

మీ వైపు తవ్వకం ఆపించేశాడు.

రేపు పగులుకి అడ్డంగా సన్నటి గాజు ముక్క అంటిస్తాను. గోడ కదిలితే అది విరుగుతుంది. మూడు రోజులు నిలిస్తేనే మళ్లీ తవ్వుతాం, లేదంటే గోతి పక్కలు జారకుండా ఇంకో వరస ఇనుప దూలాలు ఆనిస్తాం. గాజు విరిగినట్టు కనిపిస్తే స్టవ్ ఆపి ముందు బయటికి రండి, నన్ను తర్వాత పిలవచ్చు. గోడ సంగతి తేలేదాకా ముందుగదిలోనే పడుకోండి.

ఏ పనిలోనూ నెల నిలవనని మా అమ్మ అంటుంది. గొయ్యి మూసుకునేదాకా రోజూ ఆ గాజు చూసే పని నాకే ఇమ్మని అడిగాను. పొద్దున్నే తలుపు కొడితే విసుక్కోకండి.

ఇట్లు,
మీ గోడ బాగుచేయబోయి చెడగొట్టినవాడు