నిలబడ్డ క్యాబేజీ

విత్తనాల కొట్టు యజమానిగారికి,
మూడో అంతస్తు బాల్కనీ నుంచి నమస్కారాలు.

మీ దగ్గర కొన్న క్యాబేజీ నా నడుము దాటింది. క్యాబేజీ కూర్చుని ఉంటుందని విన్నాను. ఇది నిలబడి వీధిలోకి చూస్తోంది. పైగా పసుప్పచ్చ పూలు. నేను యూనివర్సిటీలో చదివింది తర్కశాస్త్రం. అంచేత తప్పు మొక్కదా, మీదా, నాదా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

ఇది సరదా సాగు కాదండి. మావారి ఫ్యాక్టరీలో జీతం సగానికి కోశారు. "ఒక నోరు తగ్గుతుంది, నేను కూతురింటికి పోతా" అని అత్తయ్య పెట్టె సర్దారు. ఆవిడ వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాతో వాదించే దిక్కుండదు. బాల్కనీలో ఒక్క క్యాబేజీ కాసినా కూరలు కొనే బాధ తప్పినట్టే, మీరు వెళ్ళక్కర్లేదని ఒప్పించాను. పెట్టె ఇంకా తలుపు దగ్గరే ఉంది.

అనుమానంతో,
బాల్కనీ రైతు

తా.క. ఈ మధ్య మా తాలింపులో ఆవాలకు ఘాటు చచ్చిపోయింది. అవి కూడా అమ్ముతారా?

*

అమ్మా,

ఇది మా తాతల నాటి కొట్టు. మా విత్తనాల మీద ఆవగింజంత అనుమానం కూడా వద్దు. మందులు పూయం, పిడికెడు నమిలి మింగినా ఏమీ కాదు. లోపం పెంపకంలో ఉంది. గారాబం ఎక్కువైతే మొక్కయినా నెత్తికెక్కుతుంది. ఆకులు దగ్గరికి లాగి దారంతో గుండ్రంగా కట్టండి. ఎలా ఉండాలో దానికీ తెలియాలి కదా.

మీ మేలుకోరే,
యజమాని

తా.క. పూలు కనబడకుండా కట్టండి. మీ వీధిలో మాకు ఇంకా బేరాలున్నాయి.

*

యజమానిగారికి,

కట్టాను. మొక్కలన్నీ తలకు కట్లు కట్టించుకున్న రోగుల్లా వరుసగా నిలబడ్డాయి. కింద క్షౌరశాల ఆయన పైకి చూసి, "అమ్మా, వీళ్ళకి కటింగా, ఊరికే దువ్వితే చాలా?" అన్నాడు. సిగ్గు తెచ్చుకుంటాయేమోనని వాటి ఎదురుగా క్యాబేజీ బొమ్మ కూడా తగిలించాను. సన్నటి కాయలు కాశాయి. క్యాబేజీ నిజంగానే గుండ్రంగా ఉంటుందా, లేక మనమలా అనుకుంటున్నామా అన్న ప్రశ్న నన్ను తినేస్తోంది. మాకు తినడానికి మటుకు ఏమీ కాయలేదు.

నెలాఖరుకు అత్తయ్య బండెక్కుతారు.

దిగులుతో,
బాల్కనీ రైతు

తా.క. విచిత్రం, ఆవిడ మొక్కల వంక కన్నెత్తి చూడరు. మాట కూడా తగ్గించారు.

*

అమ్మా,

కాయలు కాసే క్యాబేజీ మా తాత కూడా చూడలేదు. మీరు కొత్త రకం పుట్టించారు. విత్తనం మాది కాబట్టి దాని మీద హక్కూ మాదే. ఎవరికీ చూపించకండి.

సగర్వంగా,
యజమాని

తా.క. దానికి మా తాత పేరు పెడుతున్నాం.

*

కొట్టు నాయనకు,
బాల్కనీ రైతు అత్తగారు రాయడం ఏమంటే,

మీ తాత పేరు పెట్టకు. అవి ఆవమొక్కలు.

నీ పొట్లం, ఆవాల పొట్లం గూట్లో పక్కపక్కనే ఉన్నాయి. కళ్ళజోడు వెతుక్కోవడానికి బద్ధకించి నీది తాలింపు డబ్బాలో పోశాను. మిగిలిన ఆవాల పొట్లాన్ని నీదనుకుని కోడలు చల్లింది. కంటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి మరి. పూలు చూశాక తెలిసి, తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. నీ ఉత్తరాలు కోడలు పైకి చదువుతుంది. నువ్వు రాసింది నిజమే, ఇంటిల్లిపాదీ తిన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు.

కూతురు బంగారమే. కానీ ఆ ఇంట్లో నేనేమన్నా "సరేనమ్మా" అంటారు. పొద్దెలా పోతుంది? బజార్లో ఒక క్యాబేజీ కొని గుట్టుగా పంపు. కట్టు విప్పి మధ్యలో పెట్టుకుంటాను.

దీవెనలతో,
అత్తగారు

తా.క. మరీ పెద్దది వద్దు. చదువుకున్న పిల్ల, అనుమానిస్తుంది.

*

యజమానిగారికి,

క్యాబేజీ కాసింది. దారం విప్పగానే చేతిలోకి వచ్చేసింది, కోయాల్సిన పని కూడా లేకపోయింది. అడుగున ధర చీటీ కూడా కాసింది.

నేను చదివిన తర్కమంతా ఒక్కసారిగా గొంతు దాకా వచ్చింది. మింగేశాను. చీటీ పీకి పుస్తకంలో దాచి, అత్తయ్యను పిలిచాను.

"నీ చేతి చలవ" అన్నారు.

"కాదు, విత్తనం మంచిది" అన్నాను.

"నీకన్నీ అనుమానాలే" అంటూ అన్నం వేళ దాకా వాదించి, వెళ్ళి పెట్టెను మంచం కిందికి తోసేశారు.

మీ విత్తనాల మీద నాకిప్పుడు ఆవగింజంత అనుమానం కూడా లేదు.

కృతజ్ఞతలతో,
బాల్కనీ రైతు

తా.క. మొక్కల మీది ఎండుకాయలు ఎవరో రాల్చుకున్నారు. ఇవాళ మా తాలింపు ఘాటుకి కింద క్షౌరశాల ఆయన తుమ్మి, ఎవరిదో మీసం సగం లేపేశాడు. ఆవాలు ఎక్కడివని నేను అడగలేదు.