జారిన చెప్పు

తాటిపాక,
నవంబరు 9.

శ్రీవారికి నమస్కారం.

ఇక్కడ ముగ్గురం క్షేమమనే రాయాలి కాబట్టి రాస్తున్నాను. కువైట్‌లో మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను. ఫోనులో చెబుదామంటే మన పిల్ల కుసుమ పక్కనే ఉంటుంది. అందుకే సెలవుకొచ్చిన సత్తిబాబుగారు మళ్ళీ అక్కడికి వస్తుంటే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. కుసుమ గోడ పట్టుకుని వీధి గుమ్మం దాకా వస్తోంది. పిడికిలి బిగుస్తోంది గానీ జడ ఇంకా నేనే వేస్తున్నాను. కాలేజీ ఈ ఏడాదికి లేదు.

"జలుబు, దగ్గు వస్తే కాళ్ళు పడిపోతాయా? ఎవరు చెప్పారు నీకు?" అని రాశారు. రాజమండ్రి డాక్టరుగారు చెప్పారు. ఫ్లూ వైరస్ మీద పోరాడడానికి ఒంట్లో లేచిన శక్తి, జ్వరం తగ్గాక కూడా ఆగక, పొరపాటున సొంత నరాల మీదే పడిందట. ఏ కొద్దిమందికో అలా అవుతుందట. పాదాల్లో మొదలై పైకి పాకుతుందట. మేము వెళ్ళేసరికి ఊపిరి దాకా వచ్చింది. పదకొండు రోజులు మిషను మీద ఉంచారు. "రెండు రోజులు ముందు తేవాల్సిందమ్మా" అన్నారాయన.

ఆ రెండు రోజుల సంగతి మీకు తప్పు చెప్పాను.

నేను క్యాలెండరు గళ్ళలో అన్నీ రాస్తానని మీరు నవ్వేవారు. కుసుమ జ్వరం ఎంత, మాత్ర ఎప్పుడు వేశాను, దగ్గు ఏ రోజు తగ్గింది, అన్నీ ఉన్నాయి. ఆగస్టు పదహారు, శనివారం గడిలో ఇలా ఉంది: "కుసుమ చెప్పు రెండుసార్లు జారింది. జారినట్టు దానికి తెలియలేదు. బెల్టు చెప్పులు కొనాలి." ఆ సాయంత్రమే కొన్నాను.

అత్తయ్యగారు దాని నడక చూసి, "ఉమా, పిల్ల కాళ్ళు ఈడుస్తోందేంటే? ఆటో పిలువు, ఆసుపత్రికి తీసుకెళ్దాం" అన్నారు.

"మీకన్నీ అనుమానాలేనండీ. జ్వరం పడి లేచింది, నీరసం ఉండదా?" అన్నాను.

ఆదివారం మళ్ళీ అడిగారు. "పనంటే బద్ధకమండీ దానికి" అన్నాను, కుసుమ వింటుండగానే. సోమవారం అది మంచం దిగబోయి కూలబడింది.

మీరు ఫోను చేస్తే, "మీ అమ్మగారే నూనె రాస్తే తగ్గిపోతుందని ఆపేశారు" అన్నాను. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నారు. ఆ రోజు నుంచి మీరు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడా కాదనలేదు. "నన్నయితే వాడు నాలుగు తిట్టి ఊరుకుంటాడు. నిన్నయితే ఊరుకోడు" అన్నారు తరవాత నాతో.

"ఆయ్" అని ఒప్పేసుకున్నాను.

ప్రతి శుక్రవారం మీ ఫోను వచ్చే వేళకి ఆవిడ కుర్చీ జరుపుకుని దగ్గరగా కూర్చుంటారు. మీరు నాతో, కుసుమతో మాట్లాడి పెట్టేస్తారు. ఆవిడ కుర్చీ మళ్ళీ గోడ వారకి జరుపుకుంటారు.

ఈ శుక్రవారం ఫోను ముందు ఆవిడకి ఇమ్మనండి. నన్ను అనాల్సినవి ఆ తరవాత అనండి.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు,
ఉమాదేవి