బోర్డుకు అటుపక్క

జూలై 8, మంగళవారం
వాన. బందరంతా ముసురు. లాప్‌టాప్‌లో తెల్లబోర్డు తెరిచి, ఆన్‌లైన్ లెక్కల క్లాసు సంగతి మర్చిపోయి చూస్తూ కూర్చుంటాను. నాట్లకు ముందు నీళ్లు పెట్టిన చేనులా ఉంటుంది. గీత గీయాలంటే చెయ్యి రాదు.
నాగాయలంక నుంచి మౌనిక హోంవర్కు ఫోటో. వృత్తం గీయమంటే కుడిపక్క నిలువునా కోసేసిన వృత్తం. లెక్కల్లోనూ ప్రతి లైనుకీ చివరి ముక్క లేదు. పదో తరగతి పిల్ల. తొందరపాటు ఎక్కువైందని మందలించాను. తర్వాత ఆ బొమ్మనే చూస్తూ ఉండిపోయాను... దశమినాటి చంద్రుడు.

జూలై 9
మౌనిక మెసేజ్. మానేస్తానండి, నాకు లెక్కలు రావు.
రాకపోవడమేమిటి. సున్నా ఎక్కడ మొదలవుతుందండీ అని అడిగిన పిల్ల. తను పోతే నాకు క్లాసే చప్పబడిపోతుంది.

జూలై 10, గురువారం
ఒక్క క్లాసుకి రమ్మని బతిమాలాను. ఫోన్‌లో కనిపిస్తున్నది స్క్రీన్‌షాట్ తీసి పంపమన్నాను. చూస్తే — వృత్తంలో కుడిపక్క లేదు. ఫోన్ అంచు మింగేసింది. అక్షరాలు మాత్రం ఇంతింత లావు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిస్‌ప్లే సైజు తగ్గించమన్నాను. తగ్గించింది. తర్వాత మెల్లగా —
"అటుపక్క కూడా ఉందాండీ?"
కళ్లలో నీళ్లు తిరిగాయి. చూసింది చూసినట్టు గీసింది పిల్ల. మానేసే మాట మళ్లీ ఎత్తలేదు.

జూలై 11
ఎండ. ఏం రాయాలో తోచదు. బాగుంది, అంతే.

జూలై 15, మంగళవారం
మళ్లీ కోసిన వృత్తం. గుచ్చి గుచ్చి అడిగాను. చివరికి చెప్పింది.
ఫోన్ వాళ్ల నాన్నది. సముద్రం మీద చేపల వేటకి వెళ్తాడు. కళ్లు ఆనవు, అందుకే అక్షరాలు అంత పెద్దవి. మొన్న క్లాసయ్యాక సైజు మళ్లీ పెంచడం మర్చిపోయింది. మర్నాడు గాలులు పెరుగుతాయని హెచ్చరిక మెసేజ్ వస్తే, ఆయన చదవలేక పక్క పడవవాళ్లని అడిగి చెప్పించుకున్నాడట.
"ఇంటికొచ్చి ఒక్క మాట కూడా అనలేదండీ. అదే బాధగా ఉంది."
ఇక ఆ సెట్టింగ్ ముట్టుకోదట. మరి చదువు?

జూలై 17, గురువారం
పొద్దున్నే పెడనలో నాన్న అద్దకం బల్ల గుర్తొచ్చింది. గుడ్డ పరవగానే ముందు అంచు అచ్చు వేసేవాడు. లోపల పువ్వులు తర్వాతే.
ఇవాళ నేనూ అంతే. బోర్డు మీద ముందు ఆ ఫోన్‌లో కనిపించేంత మేర గడి గీసి, రాసేదంతా అందులోనే రాశాను. చుట్టూ తెల్లగా బోలెడంత ఖాళీ. అత్తయ్య వెనక నుంచి చూసి, ఇంత బోర్డు పెట్టుకుని గోరంత జాగాలో రాస్తున్నావేంటమ్మా అని నవ్వింది.
మౌనిక నిండు వృత్తం గీసింది. ప్రాణం హాయిగా ఉంది.

జూలై 21, సోమవారం
వాళ్ల నాన్న వాయిస్ మెసేజ్. వెనకాల నీళ్ల చప్పుడు.
"మేడమ్ గారండీ, మా పాప కోసం మీరు బోర్డు కుదించుకోవద్దండి. అక్షరాలు నేనే చిన్నవి చేయించానండి. పాపకి మొత్తం కనపడాలండి."
మళ్లీ మళ్లీ విన్నాను. సరేనండి అని పెట్టాను. ఎందుకన్నానో...

జూలై 22, మంగళవారం
సాయంత్రం క్లాసు వేళ దాటింది. మౌనిక లేదు. ఇందాక పక్కింటివాళ్ల ఫోన్ నుంచి మాట్లాడింది. నాన్న తెల్లారగట్ట వేటకి వెళ్లాడండి, ఫోన్ ఆయన దగ్గరే ఉంది, మధ్యాహ్నానికల్లా వస్తానన్నాడండి... అంతే, పెట్టేసింది.
నా ఫోన్‌లో పొద్దుట వచ్చిన మెసేజ్ ఉంది. గాలులు పెరుగుతాయి, వేటకి వెళ్లినవాళ్లు వెంటనే ఒడ్డుకి రావాలి. ఆయనకీ వచ్చే ఉంటుంది. చిన్న అక్షరాల్లో.
పక్క పడవలో ఎవరో ఒకరు చదివి చెప్పి ఉంటారు. అడిగి ఉంటాడు. అడుగుతాడా?
కిటికీ రెక్క కొట్టుకుంటోంది. బోర్డు తెరిచే ఉంచాను. సగం వృత్తం గీశాను, మిగతా సగం మౌనిక గీయాలి. బోర్డు మీద తన పేరు కనిపిస్తే ఫోన్ ఇల్లు చేరినట్టు. ఫోన్ చేరితే...
చూస్తున్నాను.