పూర్తి వాక్యంలో జవాబు

మీకు,

మీ భార్య నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ వదినా కులాసాగా ఉన్నాం. మెట్ల కింద చేరిన పిల్లి కూడా కులాసాయే, మూడు పిల్లల్ని పెట్టింది. మీరూ బాగున్నారనే అనుకుంటున్నాను. పోయిన ఉత్తరంలో మీకు కోపం వచ్చింది కానీ, అక్షరాలు మాత్రం ఎప్పటిలాగే గీత దాటలేదు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. వంటగది కప్పు కారడం ఆగింది. వదినే పైకెక్కి, టార్పాలిన్ ముక్క పరిచి తారు పూసింది. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. నా పంటినొప్పి తగ్గింది. అచ్చాఫీసులో భూగోళం పుస్తకం అయిపోయి ఇప్పుడు ఎనిమిదో తరగతి లెక్కల ప్రూఫులు దిద్దుతున్నాను. లెక్కల్లో తప్పు చూపిస్తే రచయిత వాదనకు దిగడు, అదొక సుఖం. మీ వంతెన మూడో స్తంభం నీళ్లలోంచి పైకి వచ్చిందని రాశారు. ఆ వాక్యం వదినకు రెండుసార్లు చదివి వినిపించాను. ఆ పేజీ తరవాతి పేజీ వినిపించలేదు.

ఆ పేజీలో మీరు అడిగింది: "కొండ మీద దొంగలు పడ్డారట. నాకెందుకు రాయలేదు?" ఆ పైన ఇలా రాశారు: "అక్క నోటికి తాళం లేదు. ఎక్కడ పడుకుంటారో దారిన పోయేవాడికి చెప్పిందట. నీ ప్రాణం మీదికి తెచ్చిన మనిషితో నాకిక మాటల్లేవు." మీ బాబాయి కొడుకు మీకు చెప్పిన మాట సగమే నిజం. రెండో సగం నా దగ్గరుంది. మొదటి నుంచి రాస్తాను, కాస్త ఓపిక పట్టండి.

కొండకు బయలుదేరే ముందురోజు మన ముందుగది ఎలా ఉంటుందో మీరు చూసి చాలా ఏళ్లయింది. వారమంతా టెంట్లు కుట్టి, సెలవుల్లో జనాన్ని కొండెక్కించే మీ అక్క ఆ రోజు నేలంతా సామాను పరుస్తుంది. అగ్గిపెట్టె, మందులు, మడతపెట్టిన ప్లాస్టిక్ పట్టా, ఈల, ఒక పూటకు సరిపడా తిండి, ఇవి మాత్రం సంచుల్లో పెట్టనివ్వదు. ఒక్కొక్కరికీ నడుముకు కట్టుకునే చిన్న తిత్తి తనే కుట్టి, అందులో పెడుతుంది. "సంచి పోతే పోనీ. నడుముకున్నది ఉంటే ఇంటికొస్తాం" అంటుంది.

ఈసారి మేం ముగ్గురమే. మూడో మనిషి ఆసుపత్రిలో నర్సు. ఇంజక్షన్లు ఇస్తుంది కాబట్టి వీధి మొత్తానికీ సూదక్క.

"మరి దొంగ ఎదురుపడితే?" అని సూదక్క అడిగింది.

"అడిగింది ఇచ్చెయ్. సంచి అంటే సంచి, గడియారం అంటే గడియారం. మీద మాత్రం పడకు."

"నా కళ్లజోడు అడిగితే?"

"కళ్లజోడు అడిగే దొంగుంటే నాకూ చూడాలనుంది. నవ్వకండి, వినండి. ఎంతమందిమి, ఎక్కడ పడుకుంటాం, ఎప్పుడు దిగుతాం, ఇవి అటవీశాఖ చెక్‌పోస్టులో రాసిస్తాను. ఇంకెవరడిగినా 'మావాళ్లు వెనక వస్తున్నారు' అనండి."

"అది అబద్ధం కదా వదినా" అన్నాను.

"అబ్బో, మా అచ్చుతప్పుకు ఎక్కడ లేని సత్యం! సరేలే, నువ్వు నవ్వి ఊరుకో. నవ్వితే అబద్ధం కాదుగా?"

అచ్చుతప్పు అంటే నేను. ఇంట్లో ఇప్పుడు నా పేరదే.

బస్సు దిగినచోట టీ తాగి నడక మొదలుపెట్టాం. పైన చెరువు ఉంది. అందరూ దాని ఒడ్డునే టెంట్లు వేస్తారు. వదిన వేయనివ్వలేదు. ఇంటి దగ్గరే మాకు చెప్పినట్టు ఇంకా పైకి తీసుకెళ్లి, దారిలో పోయేవాళ్లకు కనపడకుండా ఒక నిలువురాయి వెనక వేయించింది. మర్నాడు పొద్దున్నే అవతలి వాలు మీద పొగ లేస్తుంటే చూసి, "అక్కడ మేకలవాళ్లున్నారు, గుర్తుపెట్టుకోండి" అంది. నేను ఆ పొగ అందంగా ఉందని మాత్రమే అనుకున్నాను.

మధ్యాహ్నం శిఖరం దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి రెండు టెంట్లూ పొడుగునా కోసి ఉన్నాయి. స్లీపింగ్ బ్యాగులు, స్టవ్వు, తిండి, ఉన్ని బట్టలు, ఏమీ మిగల్లేదు. నా సంచిలోని రెండు పుస్తకాలు మాత్రం రాతి మీద పెట్టి పోయారు. చదువు మీద గౌరవమో, బరువని విసుగో తెలియదు. అప్పటికే మబ్బు దిగుతోంది. అంత ఎత్తున దుప్పటి లేకుండా తెల్లవారే దాకా ఉండటం అంటే ఏమిటో నాకు చెప్పనక్కర్లేదు, భూగోళం దిద్దినదాన్ని.

వదిన అరవలేదు, తిట్టలేదు. మా ఇద్దరి భుజాలూ తట్టి చూసి, "మనుషులం ఉన్నాం. పదండి" అంది. వచ్చిన దారిన దిగనివ్వలేదు. సామాను మోసుకుంటూ వాళ్లు ఆ దారినే పోతుంటారని, ఎదురుపడితే భయంతో ఏం చేస్తారో తెలియదని చెప్పింది. పొగ కనిపించిన వాలు వైపు నడిపించింది. వాన మొదలైంది. నడుము తిత్తుల్లోంచి పట్టాలు తీసి కప్పుకున్నాం. సూదక్క జారిపడితే మోకాలు మెలి తిరిగింది. "రోగుల మీద అరిచినందుకు దేవుడు నాకు సూది వేశాడు" అని కుంటుతూనే నవ్వించింది. మీరు పంపిన బూట్లు ఆ తడి రాళ్ల మీద ఒక్కసారి కూడా జారలేదు. ప్రతి అడుగుకూ మిమ్మల్ని తలచుకున్నాను. ఇది మర్యాదకు రాస్తున్న మాట కాదు.

ఇంకా వెలుతురుండగానే మేకల దొడ్డి చేరాం. ఈల విని ఒక పెద్దామె బయటికి వచ్చింది.

"ఏం మనుషులే మీరు? వానలో షికారా?"

"దొంగలు పడ్డారు పెద్దమ్మా" అంది వదిన.

"పడితే పడ్డారు, గుమ్మంలో నిలబడి చెప్తావేం? ఆ కుంటిదాన్ని ముందు పొయ్యి దగ్గర కూచోబెట్టు. ఈ పిల్ల మాట్లాడదా?"

"మాట్లాడుతుంది, ముందు రాసుకుని" అంది వదిన.

ఆమె తన దుప్పట్లు మాకిచ్చి, తను గోనెపట్టా కప్పుకుంది. తెల్లవారాక చెక్‌పోస్టు దారి మలుపు దాకా తోడు వచ్చింది. పేరు అడిగితే, "పేరుతో ఏం పని, మళ్లీ వచ్చినప్పుడు ఈల వెయ్" అంది. నేను ఆమెకు సరిగా కృతజ్ఞత కూడా చెప్పలేకపోయాను.

చెక్‌పోస్టులో అధికారి రిజిస్టరు తెరిచి ఒకటే అడిగాడు. "దారికి కనపడని చోటు. ఎవరో చెప్తే తప్ప తెలియదు. ఎవరు చెప్పారు?" నేను నోరు తెరిచేలోపే వదిన, "నేనేనండీ. టీ కొట్టు దగ్గర వాగాను" అంది. విన్నవాడెలా ఉంటాడని అడిగితే గుర్తులేదంది. గుంపుల్ని తీసుకెళ్లడానికి ఆమెకున్న పర్మిట్టు అక్కడికక్కడే ఆపేశారు. ఇదే మీ దాకా వచ్చిన సగం.

ఇప్పుడు నా సగం. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

టీ కొట్టు దగ్గర వాగింది నేను. వదినా సూదక్కా నీళ్లు పట్టుకోవడానికి వెళ్లారు. నేను పుస్తకం పట్టుకుని బెంచీ మీద కూచున్నాను. పచ్చ స్వెటరు వేసుకున్న ఒకాయన జరిగి చోటిచ్చి, మర్యాదగా పలకరించాడు. మీరు వరసగా మూడు ఉత్తరాల్లో రాశారు, నలుగురితో మాట్లాడటం నేర్చుకోమని. ఇవాళ మాట్లాడతాను అనుకున్నాను. మా బడిలో సిస్టర్లు ఏ ప్రశ్నకైనా పూర్తి వాక్యంలోనే జవాబు చెప్పించేవారు. అవును, కాదు అంటే మార్కు ఉండేది కాదు.

"పైకేనా అమ్మా?"

"అవునండీ, మేము పైకి వెళ్తున్నాం."

"ఎంతమంది?"

"మేము ముగ్గురం ఆడవాళ్లం వెళ్తున్నాం."

"మగవాళ్లెవరూ..."

"మాతో మగవాళ్లెవరూ రావడం లేదండీ."

"చెరువు దగ్గర చలెక్కువ, జాగ్రత్త తల్లీ."

"మేము చెరువు దగ్గర ఉండమండీ. దాని పైన నిలువురాయి వెనక ఉంటాం. రేపు మధ్యాహ్నం శిఖరం చూడటానికి వెళ్తాం."

చివరిది అతను అడగనే లేదు. నేనే కలిపాను. నవ్వి ఊరుకోమన్న మాట నాకు గుర్తు రాలేదని అనలేను. వచ్చింది. ఇంత మర్యాదస్తుడి గురించి కాదులే అనుకున్నాను. ఆ తరువాత మైలు దూరం, కొత్త మనిషితో ఎంత బాగా మాట్లాడానో మీకెలా రాయాలా అని వాక్యాలు కూర్చుకుంటూ ఎక్కాను.

వానలో దిగుతుండగా ఇదంతా వదినకు చెప్పాను. ఆమె ఆగి, పట్టా నా తల మీదికి లాగి, "ఈ సంగతి మా తమ్ముడికి తెలిస్తే నిన్ను గుమ్మం దాటనివ్వడు. నన్నైతే నాలుగు తిట్టి ఊరుకుంటాడు. నోరు మూసుకుని నడువు" అంది. అందుకే చెక్‌పోస్టులో అంత తొందర పడింది. మీరు నాలుగు తిట్టి ఊరుకోలేదు. అక్కడే ఆమె అంచనా తప్పింది.

మీ ఉత్తరం వచ్చిన మూడో రోజు అచ్చాఫీసుకు సెలవు పెట్టి, ఒక్కదాన్నే బస్సెక్కి చెక్‌పోస్టుకు వెళ్లాను. వదినకు చెప్పలేదు. ఆ అధికారి బల్ల ముందు నిలబడి, బస్సులో కూర్చుకున్న వాక్యాలు చెప్పాను.

"టీ కొట్టు దగ్గర చెప్పింది మా వదిన కాదండీ, నేను. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు."

"విన్న మనిషిని గుర్తుపడతారా?"

అది మాత్రం నాకు వచ్చిన పని. పచ్చ స్వెటరు, కుడి మోచేయి దగ్గర చిరుగుకు నీలం దారంతో రఫూ. ఎడమ బొటనవేలికి గోరు లేదు. 'శ' వచ్చినచోట 'స' పలుకుతాడు. అధికారి రాసుకుంటూ రాసుకుంటూ తల ఎత్తాడు. అంతకు ముందు దోపిడీ అయిన రెండు గుంపులవాళ్లూ రఫూ స్వెటరు సంగతి చెప్పారట. "మీ వదిన గుర్తులేదనకుండా ఉంటే ఈ ముక్క మాకు అప్పుడే దొరికేది" అన్నాడు. నేను వెళ్లొచ్చిన అయిదో రోజున ఆ స్వెటరువాడు ఇంకో బస్టాండులో దొరికాడు. మన స్లీపింగ్ బ్యాగు ఒకటి అతని దగ్గరే ఉంది. మిగతావి పోయాయి.

వెళ్లిన రోజే అధికారిని పర్మిట్టు సంగతీ అడిగాను. "అబద్ధం చెప్పినందుకు ఒక నెల ఆపుతాం. నెల తరవాత ఇచ్చేస్తాం" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే వదిన, "నిన్నెవరు వెళ్లమన్నారే? నేను కష్టపడి ఒక్క అబద్ధం కుడితే అదీ విప్పేశావు!" అని కేకలేసింది. ఆ తరువాత నా పళ్లెంలో రెండుసార్లు వడ్డించింది.

నేను ఈ ఉత్తరం రాయగలుగుతున్నానంటే కారణం ఆమె కుట్టిన తిత్తి, మేకలామె దుప్పటి, సూదక్క నవ్వు, మీ బూట్లు. నన్ను మాట్లాడమన్నందుకు మిమ్మల్ని నేను తప్పుపట్టడం లేదు. ఎవరితో ఎంత మాట్లాడాలో తెలుసుకోలేకపోయింది నేను. కోపం ఉంటే నా మీద చూపించండి, భరిస్తాను. నెల తరువాత వదిన తీసుకెళ్లే మొదటి గుంపులో నా పేరు రాయించాను. మిమ్మల్ని అడగకుండా రాయించాను, అదీ దాచడం లేదు. మేకలామెకు చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది.

ఈ కవరులో ఇంకో కవరు పెడుతున్నాను. దాని మీద మన ఇంటి చిరునామా, వదిన పేరు రాసి స్టాంపు అంటించాను. లోపలి కాగితం ఖాళీగా ఉంది. అందరి వాక్యాలూ దిద్దుతాను కానీ అందులో ఏం రాయాలో నేను చెప్పను. పోస్టుమాన్ సైకిలు వినపడగానే ఆమె కుట్టుమిషను ఆపి గుమ్మం వైపు చూస్తుంది. ఉత్తరం నాకని తెలియగానే, ఏమీ అడగకుండా మళ్లీ తొక్కడం మొదలుపెడుతుంది. ఒక రోజు ఆ మిషను చాలాసేపు ఆగి ఉండాలని నాకు ఆశగా ఉంది.

ఇట్లు,
మీ అక్కకు మరదలు,
మీకు భార్య