ఫస్ట్ బేస్ దాకా వర్నా

క్లేటన్ ఫాల్స్, అయోవా
జూన్ 10

ప్రియమైన ఆర్డిస్,

అరిజోనా ఎండలో ఎలా ఉన్నావే? ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, మిగతా సగం వినిపించుకోవు. అందుకే ఉత్తరం. నాకో తీర్పు కావాలి. మన డెబ్భై దాటిన ఆడవాళ్ళ సాఫ్ట్‌బాల్ లీగుకి రూల్సు రాసింది నువ్వే కాబట్టి నిన్నే అడుగుతున్నాను.

మా అక్క వర్నా సంగతి నీకింకా తెలీదు. చలికాలంలో కాళ్ళు తడబడుతుంటే మోకాళ్ళ నొప్పులనుకున్నాం. కాదట. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బట. మందు లేదన్నాడు డాక్టరు. చేతులు ఈ వేసవి దాకా పనిచేస్తాయి, వచ్చే వేసవి సంగతి చెప్పలేనన్నాడు.

బ్యాటు పట్టుకుంటే మాత్రం ఇప్పటికీ అదే వర్నా. మంగళవారం బంతిని కుడివైపు గడ్డిలోకి కొట్టింది. పదడుగులు వేసేలోపు, తనకంటే ముందే బంతి ఫస్ట్ బేస్‌కి వచ్చేసింది. ఔట్. తర్వాతసారి తను కొట్టగానే తన బదులు పరుగెత్తడానికి మా జట్టులోని డోరీన్‌ని పక్కనే నిలబెట్టాను. అవతలి జట్టు కెప్టెన్ జెనీవా నీ రూల్సు పుస్తకం పట్టుకుని వచ్చేసింది. "బ్యాటరు ఫస్ట్ బేస్ చేరాకే బదులు మనిషి. చదువుకోవే లవోన్!" అంది.

"చేరాక" అంటే సొంత కాళ్ళతోనే చేరాలా? వేరే అర్థం ఏదైనా చెప్పవే, నీకు పుణ్యముంటుంది.

నీ
లవోన్

మేసా, అరిజోనా
జూన్ 19

లవోన్‌కి, ప్రేమతో,

ఉత్తరం రెండుసార్లు చదివాను. వర్నాకా? మనందరికంటే గట్టి మనిషి కదే.

సొంత కాళ్ళతోనే చేరాలి. వేరే అర్థం లేదు. ఆ రూలు ఎందుకు రాశానో నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు లీగులో చేరకముందు, బదులు మనిషి బ్యాటరు పక్కనుంచే పరుగెత్తేది. ఒకరోజు అలా పరుగెత్తినావిడ బంతినే చూస్తూ, బ్యాటరు వెనక క్యాచర్‌గా ఉన్న హుల్డాని గుద్దేసింది. తుంటి ఎముక విరిగింది. హుల్డా ఆ తర్వాత కర్ర లేకుండా నడవలేదు. ఆ రోజు పరుగెత్తింది నేనే. ఆ వారంలోనే ఈ రూలు రాశాను. ఇప్పుడు నా చేత్తో దాన్నెలా కొట్టెయ్యను?

ఒక్క సందుంది. పిచ్చర్ నాలుగు బంతులు చెడ్డవి వేస్తే బ్యాటర్‌కి ఫస్ట్ బేస్ ఊరికే వస్తుంది. అప్పుడెవరూ ఔట్ చెయ్యలేరు, ఎంత నెమ్మదిగానైనా నడవచ్చు. కాబట్టి బ్యాటు ఊపొద్దని చెప్పు. రూలు మార్చాలంటే జనవరి మీటింగు దాకా ఆగాలి. అంతకుమించి నావల్ల కాదు, క్షమించు.

ఎప్పటికీ నీ
ఆర్డిస్

క్లేటన్ ఫాల్స్
జూలై 24

ప్రియమైన ఆర్డిస్,

నువ్వు చెప్పినట్టే చేశాం. రెండు ఆటల్లో, బ్యాటు ఊపకపోయేసరికి మూడేసి మంచి బంతులు పడి ఔటైపోయింది. మూడో ఆటలో నాలుగూ చెడ్డవే పడ్డాయి. వర్నా నడక మొదలుపెట్టింది. డోరీన్ చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది. ఆ డెబ్భై అడుగులకీ నాలుగు నిమిషాలు పట్టింది. బేస్ మీద కాలు పెట్టగానే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

బేస్ మీద తన చోట డోరీన్ నిలబడ్డాక, బెంచీ మీదకొచ్చి నా మొహం చూడలేదు. "ఎందుకే ఆ చప్పట్లు? నేనేం చేశానని?" అంది.

"మనకో బేస్ తెచ్చావు కదక్కా."

"నిలబడ్డాను. అంతే. ఫెన్సు గుంజని నిలబెట్టినా వచ్చేదది."

ఇంకోటి. నిన్న జెనీవా తన చేత్తో చేసిన తీపి రూబార్బ్ పై ఒకటి పట్టుకుని మా ఇంటికొచ్చింది. "మీ అక్కని ఇక కొట్టనివ్వు. బంతి మాకు దొరికినా విసరం. తనని నెమ్మదిగా నడవమను" అంది. అంటూనే ఏడ్చేసింది. సరేనన్నాను. వర్నాకి చెప్పలేదు. ఇది తప్పా?

లవోన్

మేసా
ఆగస్టు 2

నా లవోన్‌కి,

చేతిలో బంతి పట్టుకుని ఊరికే నిలబడితే తప్పని ఏ రూల్లోనూ లేదు. వెతికాను. నాకు నచ్చలేదు. వద్దనడానికి నోరూ రాలేదు. నీ ఇష్టం అనడం కూడా పిరికితనమే, తెలుసు.

వర్నాకి నా ముద్దులు.
ఆర్డిస్

క్లేటన్ ఫాల్స్
సెప్టెంబరు 6

ప్రియమైన ఆర్డిస్,

నిన్న జెనీవా వాళ్ళతోనే ఆఖరి ఆట. మేం ఒక్క పరుగు వెనక, ఒక్క ఔటే మిగిలుంది. బ్యాటింగ్‌కి వర్నా వచ్చింది. "ఇవాళ కొట్టుకో అక్కా" అన్నాను. నావైపు అనుమానంగా చూసి బ్యాటు అందుకుంది.

రెండో బంతిని కొట్టింది. ఏం దెబ్బే అది! గడ్డి మీద ఒక్క గెంతు గెంతి నేరుగా జెనీవా చేతుల్లోకి వెళ్ళింది. జెనీవా బంతిని గుండెకి ఆనించుకుని అలాగే నిలబడిపోయింది. వర్నా తలొంచుకుని నడుస్తోంది. సగం దూరం వెళ్ళాక, బంతి ఇంకా రాలేదేమిటా అని తలెత్తింది. అప్పుడర్థమైంది.

ఆగిపోయింది. "విసరవే జెనీవా!" అని అరిచింది. "ఏం చూస్తున్నావ్? నేను పోయాననుకున్నావా?"

మైదానంలో ఎవరూ కదల్లేదు. నేను బెంచీ అంచు పట్టుకుని నిలబడ్డాను.

"విసరమంటుంటే!"

జెనీవా కళ్ళు తుడుచుకుని విసిరింది. మంచి త్రో. వర్నా ఇంకా ముప్పై అడుగుల దూరంలోనే ఉంది. అంపైరు నోరు మెదపకపోతే అతని మీదా కేకలేసింది: "చెప్పవయ్యా, ఏమైంది?"

"ఔట్" అన్నాడు, వినపడీ వినపడకుండా.

ఆట పోయింది. ఈసారి చప్పట్లు లేవు. వర్నా మిగిలిన దూరం కూడా నడిచి వెళ్ళి, బేస్‌ని కాలితో తాకి వెనక్కొచ్చింది.

కార్లో సీటు బెల్టు పెట్టుకోబోయింది. మూడుసార్లు ప్రయత్నించింది, వేళ్ళకి పట్టు దొరకలేదు. వంగి నేనే పెట్టాను. పెట్టనిచ్చింది. బ్రిడ్జి దాటుతుండగా నావైపు తిరిగింది.

"జెనీవా చేత అలా చేయించింది నువ్వేనా?" అంది.

"అవునక్కా, నేనే సరేనన్నాను."

కిటికీలోంచి మొక్కజొన్న చేలకేసి చూసింది. తర్వాత, "గట్టిగా కొట్టాను కదూ?" అంది.

"చాలా గట్టిగా."

"విసరకపోతే, నేను నిజంగా ఆడానో లేదో నాకెప్పటికీ తెలిసేది కాదు" అంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు ఇంటిదాకా వాటినే చూస్తూ కూర్చుంది.

నీ
లవోన్